పోలిక లేనివాడి సామీప్యం

 

ఈ స్మారకోపన్యాసాలు ఏ మాస్టారి జ్ఞాపకార్థం ఏర్పాటయ్యాయో, ఆయన బతికుండగా సభల్లో తన పేరు పదేపదే వినిపించడాన్ని ఇష్టపడేవారు కారు. ఆ మాట మన్నించి నేనూ ఆయనను మాస్టారనే పిలుస్తాను. ఆయన చరిత్ర చెప్పేవారు. రాజుల వరస ఎంత ముఖ్యమో, ఆ రాజుల ఏలుబడిలో బతికిన జనం దేనికి మొక్కారో, ఎందుకు మొక్కారో తెలుసుకోవడమూ అంతే ముఖ్యమని ఆయన పట్టుదల. చికాకోలు, అంటే నాటి శ్రీకాకుళం, సర్కారు గురించి అడిగితే దాన్ని ఏలిన ఫౌజుదారుల పేర్లు, పేష్కషు అనే కప్పం లెక్కలు అప్పజెప్పి కూర్చోబోయిన విద్యార్థిని ‘మరి వాళ్ళ దేవుడి సంగతేమిటి?’ అని నిలబెట్టేవారట. ఆ ప్రశ్ననే ఈ ఉపన్యాసానికి విషయంగా తీసుకున్నాను. నేను ముస్లింను కాను. బయట నిలబడి చదువుకున్నవాణ్ణి. ఆ దూరాన్ని దృష్టిలో పెట్టుకునే నా మాటలు వినండి.

ముస్లిముల దేవుడి గురించి మనలో వాడుకలో ఉన్న సమాధానం చిన్నది. వాళ్ళకు దేవుడొక్కడే, రూపం లేదు, విగ్రహం పనికిరాదు. ఇందులో తప్పేమీ లేదు గాని, ఇది చాలదు. ఒక్కడు అన్న లెక్క ఇస్లాం దైవభావనకు గడప వంటిది. ఆ గడప దాటి లోపలికి వెళితే రెండు మాటలు ఒకదాన్నొకటి వదలకుండా కనిపిస్తాయి. ఆయన దేనినీ పోలినవాడు కాడన్నది మొదటిది. ఆయన మనిషికి అత్యంత సమీపంలో ఉన్నాడన్నది రెండోది. పోలికే లేనివాడు దగ్గరగా ఎలా ఉంటాడు? దగ్గరగా ఉన్నవాడికి ఏ పోలికా లేకుండా ఎలా ఉంటుంది? సుమారు 1,400 ఏళ్ళ ముస్లిం ఆలోచనలో పెద్ద భాగం ఈ రెండు మాటల్లో ఏదీ జారిపోకుండా చూసుకోవడానికి పడిన శ్రమేనని నా వాదం. ఆ శ్రమ ఆనవాళ్ళు బాగ్దాదులో, డమాస్కస్‌లో ఉన్నట్టే మన శ్రీకాకుళం నాగావళి ఒడ్డునా ఉన్నాయి, ఈ విజయనగరం బాబామెట్ట మీదా ఉన్నాయి.

ఖురానులో 112వ సూరా, అంటే అధ్యాయం, ఇఖ్లాస్. నాలుగే ఆయత్‌లు, అంటే వాక్యాలు. ముస్లిం ఇళ్ళలో పిల్లలు తొలినాళ్ళలోనే కంఠస్థం చేసే సూరాల్లో ఇదొకటి. దేవుడు ఒక్కడని, అందరూ ఆయన మీద ఆధారపడినవారే గాని ఆయన ఎవరి మీదా ఆధారపడడని, ఆయనకు సంతానం లేదని, ఆయన ఎవరి సంతానమూ కాడని, సాటి రాగలది ఏదీ లేదని దాని భావం. ఏకత్వానికి మొదటి ఆయత్ సరిపోయింది. మిగిలిన మూడూ పోలికను కాదనడానికే వచ్చాయి. ఇక 42వ సూరాలో ఒక ఆయత్ ఉంది. ఆయనను పోలినదేదీ లేదని చెప్పి, ఊపిరి తిప్పుకోకుండానే ఆయన వింటాడని, చూస్తాడని చెబుతుంది. వినడం, చూడడం మనకు తెలిసిన పనులు. పోలిక లేదన్న వాక్యమే మనకు తెలిసిన పనులను ఆయనకు అంటగట్టింది. 50వ సూరా మరో అడుగు ముందుకు వేసి, మనిషి కంఠనాళం కన్నా ఆయన మనిషికి దగ్గర అంటుంది. తరువాతి శతాబ్దాల వాదవివాదాలన్నిటికీ విత్తనాలు ఈ కొద్ది వాక్యాల్లోనే ఉన్నాయి.

ఇక మన నేలకు వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ ముస్లిములు ఒక శాతం కన్నా తక్కువ. తెలుగునాట ఇంత పలచగా ఉన్న ప్రాంతాలు అరుదు. అయినా వారి చరిత్ర ఇక్కడ లోతైనది. శ్రీకాకుళం జామియా మసీదును గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున చికాకోలు ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాను 1641లో కట్టించాడు. అప్పుడు గోల్కొండ గద్దె మీద ఉన్నది అబ్దుల్లా కుతుబ్‌షా. విజయనగరం పూసపాటివారి పూర్వీకులు, బొబ్బిలి రావుల పూర్వీకులు ఈ ఫౌజుదారు వెంటే ఈ ప్రాంతానికి వచ్చారని సంస్థానాల కథనాలు చెబుతాయి. షేర్ అంటే పులి గనుక అతని పేరు మీదే బొబ్బిలికి ఆ పేరు వచ్చిందని ఒక ఐతిహ్యం. ఐతిహ్యం నిజమైనా కాకపోయినా, 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధంలో నెత్తురోడిన ఆ రెండు వంశాలూ తమ మొదటి అధ్యాయంలో ఒకే ముస్లిం అధికారి పేరు రాసుకున్నాయన్నది గమనించదగ్గది. ఆ తరువాత గోల్కొండ పోయి మొగలులు, మొగలుల వెనక నిజాములు, వారి వెనక కొన్నేళ్ళు ఫ్రెంచివారు, చివరకు కంపెనీవారు వచ్చారు. ఆర్కాటు నవాబుగా పేరుకెక్కిన అన్వరుద్దీన్ ఖాను కూడా అంతకు ముందు కొంతకాలం చికాకోలు ఫౌజుదారే. రాజకీయాన్ని ఇంతటితో వదిలేస్తాను.

ఆ మసీదు ఉన్న ఊరికి ఆనుకునే అరసవల్లి ఉంది. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల కాలం నాటిదిగా చెప్పే సూర్యనారాయణస్వామి ఆలయం అక్కడ ఉంది. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయకిరణాలు తిన్నగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఆ క్షణం కోసం వేలమంది తెల్లవారకముందే వరుస కడతారు. దేవుణ్ణి చూడడం, దేవుడి చూపు మన మీద పడడం ఈ నేల మీది భక్తికి ప్రాణం. అటువంటి చోట, సూర్యుడికి గుడి ఉన్న ఊళ్ళో, 1641 నుంచి ఒక జనం సూర్యోదయంతో వేరే రకమైన సంబంధం పాటిస్తూ వచ్చారు.

ఫజ్ర్ నమాజు తెల్లవారుజామున చేస్తారు. సూర్యుడు పొడిచేలోగా అది ముగియాలి. సరిగ్గా పొద్దు పొడిచే సమయంలో, నడినెత్తికి వచ్చిన సమయంలో, కుంకే సమయంలో నమాజు చేయరాదని ఇస్లాం ధర్మశాస్త్రం చెబుతుంది. సూర్యారాధనలా కనిపించకూడదన్నది దానికి హదీసుల్లో, అంటే ప్రవక్త మాటల సంకలనాల్లో, చెప్పిన కారణం. అరసవల్లి తూర్పు ముఖంగా పొద్దుపొడుపు కోసం ఎదురుచూస్తుంది. మసీదు ఖిబ్లా గోడ పడమటి వైపుంటుంది, ఎందుకంటే మనకు మక్కా అటే. ఈ ఎదురుబొదురును విరోధంగా చదవడం తేలిక. నేను అలా చదవను. ఖురానులో సూర్యుడి పేరు మీద ఒక సూరాయే ఉంది. ఆ సూరా సూర్యుడి మీద ఒట్టు పెట్టుకుని మొదలవుతుంది. అంటే సూర్యుడికి గౌరవం లేదని ఎవరూ అనలేరు. ఇబ్రాహీం ప్రవక్త కథ ఒకటి ఆరో సూరాలో ఉంది. ఆయన మొదట చుక్కను చూసి ఇదే నా ప్రభువు అనుకుంటాడు, అది అస్తమించాక చంద్రుణ్ణి, చంద్రుడు అస్తమించాక సూర్యుణ్ణి. సూర్యుడూ అస్తమించాక, అస్తమించేవి తనకు దైవాలు కాలేవని తేల్చుకుంటాడు. సూర్యుణ్ణి చివరిదాకా వచ్చిన అభ్యర్థిగా ఆ కథ ఒప్పుకుంటుంది. కాదన్న కారణం ఒక్కటే, అస్తమయం. మారేదానితో దైవాన్ని పోల్చడం కుదరదన్నది ఆ కథ పట్టు.

ఆలయాల్లో ప్రభాతవేళ సుప్రభాతం పాడి స్వామిని మేల్కొలుపుతారు, రాత్రి పవళింపు సేవ చేస్తారు. దైవాన్ని ఇంటి పెద్దలా, బిడ్డలా చూసుకునే ప్రేమ అది. దాని అందం మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఖురానులోని ఆయతుల్ కుర్సీ, అంటే రెండో సూరాలోని 255వ ఆయత్, దేవుడికి కునుకు గాని నిద్ర గాని పట్టదని చెబుతుంది. అందువల్ల తెల్లవారుజాము అజాన్ నిద్ర లేపేది మనుషులనే; నిద్ర కన్నా నమాజు మేలన్న భావం ఆ పూట అజాన్‌లో మాత్రమే అదనంగా చేరుతుంది. మేలుకొలుపు రెండు చోట్లా ఉంది. ఎవరు ఎవరిని లేపుతున్నారన్న దగ్గరే తేడా.

కంటికి ఇవ్వని చోటును ఇస్లాం చెవికి ఇచ్చింది. మసీదు గోడకు ఒక మెహ్రాబు, పక్కన ఇమాము ఎక్కే మింబరు తప్ప చూడడానికి ఏమీ ఉండదు. ఆ మెహ్రాబులో ఏ ప్రతిష్ఠా లేదు. అది దిక్కు మాత్రమే. వినడానికి మాత్రం చాలా ఉంది. అజాన్, ఖిరాత్ అనే పఠనం, జిక్ర్ అనే నామస్మరణ, దుఆ అనే వేడుకోలు, శుక్రవారం ఖుత్బా అనే ప్రసంగం. పోలిక లేనివాణ్ణి చిత్రించడం కుదరదు, ఆయన మాటను పఠించడం కుదురుతుంది.

ఇప్పుడు నమాజులో ఒక్క భంగిమను కొంచెం దగ్గరగా చూద్దాం. నిలబడినవాడు వంగి, లేచి, సజ్దాలోకి వెళతాడు. నుదురు, ముక్కు, రెండు అరచేతులు, రెండు మోకాళ్ళు, రెండు పాదాల వేళ్ళు నేలను తాకాలి. మనిషి ఒళ్ళు ఇంతకన్నా కిందికి దిగలేదు. అక్కడ, అంత కింద, నాలుక మూడుసార్లు చెప్పేది తన ప్రభువు అందరికన్నా ఉన్నతుడని, ఏ లోపమూ లేనివాడని. అందనంత ఎత్తు అన్న మాటను అందరాని లోతు నుంచి చెప్పడం. అయితే దాసుడు ప్రభువుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది సజ్దాలోనే అని హదీసు. సజ్దా చేసి చేరువ కమ్మని 96వ సూరా చివరి మాట. ఎత్తు, చేరువ రెండూ ఒకే భంగిమలో, ఒకే శ్వాసలో. తర్కశాస్త్రం శతాబ్దాల తరబడి విడదీసి వాదించినదాన్ని, ఏ గ్రంథమూ చదవని సామాన్య ముస్లిం రోజుకు ఐదు పూటలా ఒళ్ళుతో కలిపి పలుకుతున్నాడు. నా వాదానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నా దగ్గర లేదు.

ఇక ఆ విడదీసిన వాదాల సంగతి. దేవుడు సింహాసనం మీద అధిష్ఠించాడని ఖురాను అంటుంది. ఎలా అధిష్ఠించాడని ఒకడు మదీనాలో ఇమాం మాలిక్‌ను అడిగాడు. మాలిక్ క్రీ.శ. 795లో చనిపోయాడు. అధిష్ఠించాడన్నది తెలిసిన మాటే, ఎలాగన్నది మన బుద్ధికి తెలిసేది కాదు, నమ్మాలి, అడగడం మాత్రం కొత్త పోకడ అన్న అర్థం వచ్చేలా ఆయన జవాబిచ్చాడట. ముతజిలా పండితులకు ఈ మౌనం నచ్చలేదు. దేవుడికి జ్ఞానం, శక్తి, వాక్కు అని వేరువేరు గుణాలు అనాదిగా ఉన్నాయంటే అనాది వస్తువులు అనేకం అయిపోతాయి, ఏకత్వం చెడుతుంది అన్నది వారి తర్కం. కనుక ఖురాను కూడా సృష్టి అయినదే అన్నారు. ఖలీఫా మామూన్ 833లో ఈ సిద్ధాంతాన్ని రాజాజ్ఞ చేసి, ఒప్పుకోని పండితులను విచారణకు ఈడ్చాడు. అహ్మద్ ఇబ్న్ హంబల్ కొరడా దెబ్బలు తిన్నాడు గాని మాట మార్చలేదు. దేవుడి స్వభావం మీద వాదం కోసం ఒక రాజ్యం తన పండితులను కొట్టించిన ఉదంతం అది. తరువాత ఇరాక్‌లో అష్‌అరీ, సమర్‌ఖండ్‌లో మాతురీదీ, ఇద్దరూ పదో శతాబ్దపు మొదటి సగంలో గతించినవారే, నడిమి దారి వేశారు. గుణాలు నిజమే, అయితే అవి ఆయనే అనీ అనలేం, ఆయనకు వేరు అనీ అనలేం. ఇది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. నాకలా అనిపించదు. భాష తన హద్దును తానే గీసుకున్న చోటు అది.

చికాకోలుకు ఈ వాదాలు ఏ దారిన వచ్చాయో చూడండి. కుతుబ్‌షాహీల రాజ్యం షియా రాజ్యం. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మొమిన్ అస్త్రాబాదీ వంటి పండితుడు అక్కడ పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. షియా సిద్ధాంతం గుణాల విషయంలో ముతజిలాకు దగ్గర. గుణాలు దేవుడి సత్తకు వేరు కావు, ఆయనను ఈ లోకంలోనే కాదు పరలోకంలోనూ కళ్ళు చూడలేవు అంటుంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక అధికారం సున్నీల చేతికి వచ్చింది. హిందూస్థానపు మదరసాల్లో నసఫీ రాసిన విశ్వాస సంగ్రహాన్ని, దానికి తఫ్తాజానీ రాసిన వ్యాఖ్యను చదివించేవారు. 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్ ముల్లా నిజాముద్దీన్ కూర్చిన పాఠ్యక్రమంలోనూ ఆ వ్యాఖ్యకు చోటు దక్కింది. ఆ చదువు ప్రకారం విశ్వాసులు పరలోకంలో దేవుణ్ణి చూస్తారు. ఏ దిక్కున, ఎంత దూరంలో, ఏ ఆకారంలో అని అడగకూడదు గాని చూడడం మాత్రం సత్యం. షియా రాజ్యం నాడు లేచిన గోడల మధ్య తరువాతి తరాలు సున్నీ పద్ధతిలో నమాజు చేశాయి. దేవుడు చివరికి కనిపిస్తాడా అన్న ప్రశ్నకు ఆ రెండు పక్షాలవారి జవాబులు వేరు. దర్శనమే సర్వస్వమైన ఊళ్ళో, దర్శనం రేపటికి వాయిదా పడిందా లేక ఎప్పటికీ లేదా అన్న వాదం మరొక మతంలో నడిచింది. మన స్థానిక చరిత్రలు రాసినవారు దీన్ని పట్టించుకోలేదు. మసీదు పొడవు వెడల్పులు రాశారు.

ఇదే విజయనగరంలో గురజాడ అప్పారావుగారు 1910 ప్రాంతాల రాసిన కథల్లో ఒకదాని పేరు ‘పెద్దమసీదు’. గుడి, మసీదు, మతం మారిన మనిషి చుట్టూ నడిచే కథ అది. మరొక కథ దేవుళ్ళను మీ పేరేమిటని నిలదీస్తుంది. శైవ వైష్ణవ కలహాన్ని చూసి పుట్టిన ప్రశ్న అయినా, దానికి ఇస్లాం దగ్గర ఒక సుదీర్ఘమైన జవాబు ఉంది. దేవుడికి తొంభైతొమ్మిది పేర్లని హదీసు. రూపం ఇవ్వనిచోట పేర్లు ఇచ్చారు. ఆ పేర్లను వరసగా చదివితే అవి ఒకదానితో ఒకటి తలపడుతున్నట్టుంటాయి. మొదటివాడు, చివరివాడు. బయటపడినవాడు, దాగినవాడు. హెచ్చించేవాడు, తగ్గించేవాడు. ఇమాం గజాలీ ఈ పేర్ల మీద ఒక గ్రంథమే రాశాడు. ఆయన బాగ్దాదు నిజామియా మదరసాలో పీఠం వదిలి తిరిగిన జ్ఞాని, 1111లో గతించాడు. ప్రతి పేరులోనూ మనిషి తన నడవడికి తీసుకోదగ్గ పాలు ఒకటి ఉందని, అయినా ఆ పేరు దేవుడి విషయంలో నిజంగా ఏమిటో దేవుడికే తెలుసునని ఆయన వాదన. కరుణ అన్న పేరు విని మనిషి కరుణ నేర్చుకోవాలి. తన కరుణ లాంటిదే ఆయన కరుణ అనుకోకూడదు. మళ్ళీ అవే రెండు మాటలు. ఖురాను 114 సూరాల్లో ఒక్కటి తప్ప అన్నీ కరుణను చెప్పే రెండు పేర్లతోనే మొదలవుతాయి. ముస్లిముల దేవుడు భయపెట్టేవాడేనని తేలిగ్గా మాట్లాడేవారు ఆ లెక్క చూసుకోవాలి.

గజాలీ చదువుకున్న నిషాపూరులోనే ఉమర్ ఖయ్యాం ఉండేవాడు. అతణ్ణి మన విజయనగరానికి రప్పించినవారు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథా పితామహుడిగా లోకం ఎరిగిన దాసుగారు పారశీకం నేర్చి, ఖయ్యాం మూలాన్నీ ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషునూ పక్కపక్కన పెట్టుకుని, సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ దించారు. ఆ గ్రంథం 1932లో అచ్చయింది. ఖయ్యాం పేరిట చలామణీ అయ్యే రుబాయీల్లో దేవుడితో జగడం ఉంటుంది. కుమ్మరి తాను చేసిన కుండను తానే ఎందుకు పగలగొడతాడన్న నిలదీత ఉంటుంది. ముతజిలా, అష్‌అరీ పండితుల మధ్య ఇది పెద్ద తగాదా. దేవుడు న్యాయానికి కట్టుబడి ఉంటాడా, లేక ఆయన చేసిందే న్యాయమా? నిషాపూరు అష్‌అరీల కోట. ఆయనను ఏ నియమంతోనూ కట్టలేమని వారు పాఠం చెబుతున్న ఊళ్ళోనే ఈ జగడం పుట్టింది. జగడం ఆడాలన్నా ఎదురుగా ఎవరో ఉండాలి గదా. అంత దూరపు దేవుడితో అంత చనువుగా తగవులాడడం, ఆయన చేరువను ఒప్పుకోవడం కిందికే వస్తుంది.

గిడుగు రామమూర్తిగారి శిష్యుడు, ‘ఆంధ్రభాషా చరిత్రము’ రాసిన చిలుకూరి నారాయణరావుగారు కూడా మన ఉత్తరాంధ్ర బిడ్డే. ఖురాను మొత్తాన్ని తెలుగులోకి తెచ్చిన తొలి వ్యక్తిగా ఆయన పేరే చెబుతారు. ముస్లిములు పలచగా ఉన్న ప్రాంతపు బిడ్డ ఈ పని చేయడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. పొరుగువాడి దేవుడి గురించి తెలుసుకోవాలన్న కోరిక తగాదా లేని చోట తేలిగ్గా పెరుగుతుందని నాకు అనిపిస్తుంది. రుజువు చేయగలిగిన మాట కాదు.

ఇక రెండో మాట, చేరువ. ఈ ఊళ్ళో ఉంటూ దీని గురించి మాట్లాడాలంటే బాబామెట్ట ఎక్కవలసిందే. ఖాదర్ వలీ బాబా దర్గా అక్కడ ఉంది. ఆయన నాగపూరు తాజుద్దీన్ బాబా శిష్యుడు. తాజుద్దీన్ బాబా 1925లో గతించారు. ఏటా ఉరుసుకు గంధం ఊరేగింపు, చాదరు సమర్పణ, ఖవ్వాలీ, వచ్చినవారందరికీ అన్నదానం. వచ్చేవారిలో ఎక్కువమంది హిందువులే. ఇది చూసి మన పత్రికలు ఒక వాక్యం సిద్ధంగా ఉంచుకుంటాయి. మసీదు అసలు ఇస్లాం, దర్గా హిందువుల సావాసంతో మెత్తబడిన ఇస్లాం. మతసామరస్యం మీద ప్రేమతో అన్నా ఈ మాట చరిత్రకు నిలవదు.

బాగ్దాదులో అబ్దుల్ ఖాదిర్ జీలానీ సమాధి, ఈజిప్టు తంతాలో సయ్యద్ బదవీ సమాధి, తుర్కీ కోన్యాలో రూమీ సమాధి జనంతో కిటకిటలాడుతున్నాయి. అక్కడ హిందువుల సావాసం ఎక్కడిది? ఇబ్న్ తైమియా సమాధి యాత్రలను ఖండించి, ఆ ఫత్వాల కారణంగానే జైలుపాలై, 1328లో డమాస్కస్ కోటలోనే ప్రాణం విడిచాడు. ఆయన ఎదిరించినది తన ఊరి ముస్లిముల ఆచారాన్నే. అంటే ఆచారమూ, దాని మీద అభ్యంతరమూ రెండూ ఇస్లాం లోపలివే. మన నేల ఇచ్చింది కొబ్బరికాయ, గంధం, పెద్ద అన్నసంతర్పణ. పోలిక లేనివాడు దగ్గరగా ఎలా ఉంటాడన్న ప్రశ్న మన నేల ఇచ్చింది కాదు.

ఆ ప్రశ్నకు సూఫీలు ఇచ్చిన జవాబుల్లో ఇబ్న్ అరబీది అన్నిటికన్నా సాహసమైనది. అండలూసియాలో పుట్టి 1240లో డమాస్కస్‌లో గతించిన ఆ జ్ఞాని ఇలా వాదించాడు. దేవుడు దేనినీ పోలడని మాత్రమే అనేవాడు ఆయనకు ఒక హద్దు గీస్తున్నాడు. అన్నిటిలోనూ ఉన్నాడని మాత్రమే అనేవాడూ హద్దే గీస్తున్నాడు. రెండూ కలిపి పలికినవాడే తెలిసినవాడు. ఉనికి అంటూ ఒక్కడిదే, తక్కినవన్నీ ఆ ఉనికి బయటపడే తావులు అన్న సిద్ధాంతంగా దీన్ని శిష్యులు పెంచారు. అద్వైతం ఎరిగిన తెలుగువాడు ఇక్కడ వెంటనే తల ఊపుతాడు. కొంచెం నిదానించాలి. ఇబ్న్ అరబీ దృష్టిలో దాసుడు దాసుడే, ప్రభువు ప్రభువే. షరీఅత్ ఎవరికీ తప్పదు.

ఈ ఆలోచన దక్కనుకు వచ్చినప్పుడు మొదట ఎదురు నిలిచినవారిలో సూఫీయే ఉన్నాడు. గుల్బర్గా బందానవాజ్ గేసూదరాజ్, 1422లో గతించినవాడు, ఇబ్న్ అరబీని తీవ్రంగా విమర్శించాడు. ఆ తరువాత సర్‌హింద్‌కు చెందిన అహ్మద్ సర్‌హిందీ మరింత సూక్ష్మంగా వాదించాడు. పగలు సూర్యుడి వెలుగులో చుక్కలు కనిపించవు. కనిపించనంత మాత్రాన అవి లేవని కాదు. అలాగే పరవశంలో ఉన్న సూఫీకి దేవుడొక్కడే కనిపిస్తాడు. అది చూపు తాలూకు ఏకత్వం, ఉనికిది కాదు. 18వ శతాబ్దంలో ఢిల్లీ షా వలీయుల్లా ఈ రెండు పక్షాల తేడా చెప్పే తీరులోనిదే గాని సారంలో లేదని సంధి చేయబోయాడు. సంధి నిలవలేదు. 19వ శతాబ్దంలో ఆయన మనవడు షా ఇస్మాయిల్ సమాధుల దగ్గర మొక్కులను ఉర్దూలో ఎండగట్టాడు. దేవ్‌బంద్, బరేల్వీ వర్గాలు దర్గా ఆచారాల మీద ఈనాటికీ వాదించుకుంటున్నాయి.

ఆ వాదం మన జిల్లాలకూ చేరింది. పట్నాల్లో చదువుకున్నవారు, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు కొందరు ఇళ్ళలో అడుగుతున్నారు: వలీని అడగడం ఎందుకు, కంఠనాళం కన్నా దగ్గరగా ఉన్నవాణ్ణి తిన్నగా అడగవచ్చు గదా? పెద్దవాళ్ళు జవాబు చెబుతారు: మేం అడిగేది దేవుణ్ణే, ఆయనకు ఇష్టుడైనవాడి గుమ్మంలో నిలబడి అడుగుతున్నాం. ఇద్దరూ చేరువ అన్న ఒక్క మాట మీదే నిలబడి వాదిస్తున్నారన్న సంగతి ఇద్దరికీ ఒక్కోసారి గుర్తుండదు. నేను తీర్పు చెప్పేవాణ్ణి కాను. ఆ తీర్పు ముస్లిముల సొంత విషయం. చరిత్రకారుడిగా నేను చెప్పగలిగింది ఒక్కటే. కుర్రవాడి ప్రశ్నను అరబ్బు దేశాల నుంచి వచ్చిన దిగుమతి అని, పెద్దాయన జవాబును పొరుగువారి దగ్గర తెచ్చుకున్న అరువు అని కొట్టిపారేసేవారు ఇద్దరికీ అన్యాయం చేస్తున్నారు.

దర్గాలో ఫాతిహా ఇచ్చే తీరు చూడండి. సమాధి ముందు పళ్ళెంలో మిఠాయో పటికబెల్లమో పెడతారు, ఊదు వెలిగిస్తారు. ఫాతిహా ఇచ్చే పెద్దాయన రెండు చేతులూ ఎత్తుతాడు. వెనుక నిలబడిన హిందూ గృహిణి కొంగు తల మీదికి లాక్కుని చేతులు జోడిస్తుంది. అప్పుడు ఆయన పఠించేవాటిలో మొదటి సూరా ఫాతిహా ఉంటుంది, మూడుసార్లు ఇఖ్లాస్ ఉంటుంది. పఠించిన పుణ్యం వలీ ఆత్మకు చెందాలని దుఆ చేసి పళ్ళెంలోది పంచుతాడు. దేవుడికి సాటి రాగలది ఏదీ లేదని చెప్పే సూరాయే ఒక మనిషి సమాధి దగ్గర ముమ్మారు వినిపిస్తోంది. ఆ సూరా సాక్షిగా ఈ గుమ్మం అక్కరలేదంటాడు ఆ కుర్రవాడు. ఆ సూరా చదివాకే గదా ఇక్కడ చెయ్యెత్తుతున్నాం అంటాడు పెద్దాయన.